నొప్పి ఎప్పుడు మొదలైంది?

ఎర్జురుమ్ నగరంలో ఆడపిల్ల రాతి మీద కూర్చుంటే చూస్తూ ఊరుకునే ఆడది లేదు. మసీదు మెట్టు కానివ్వండి, బస్టాపు దగ్గరి దిమ్మ కానివ్వండి, కొట్టు ముందరి గడప కానివ్వండి, ముక్కూ మొహం తెలియని పెద్దావిడ ఎవరో ఒకరు దారినపోతూ ఆగి మరీ కేకలేస్తుంది. "లేవే పిల్లా, లే! రాయి చల్లదనం లోపలికి పాకిందంటే రేపు పిల్లలు పుట్టొద్దూ?" పిల్ల లేచేదాకా ఆవిడ కదలదు. చలికాలం వస్తే సున్నా కంటే పాతిక డిగ్రీలు కిందికి పోయే ఊరు ఇది. చలి అండాశయాలను పట్టుకుంటుందనీ, పట్టుకుంటే ఆడదాని బతుకు అంతటితో సరి అనీ ఇక్కడి ప్రతి తల్లీ నమ్ముతుంది. అందుకే ఊరి ఆడవాళ్ళందరూ కలిసి ఊరి ఆడపిల్లలందరికీ కాపలా కాస్తుంటారు.

ఇంత కాపలా ఉన్న ఊళ్ళో, పట్టపగలు, అందరి కళ్ళముందే ఒక పిల్లకు అండాశయం పోయింది. ఎలా పోయిందో చెప్పడానికే కూర్చున్నాను. చెప్పాలంటే అలసటగా ఉంది, దాచడం ఎందుకు! ఇందులో దుర్మార్గుడంటూ ఒకడుంటే వాణ్ణి నాలుగు తిట్టి తేలికపడేవాణ్ణి. లేడు. అందరూ ఆ పిల్లను ప్రేమించినవాళ్ళే.

పిల్ల పేరు నెఫీసే. పంతొమ్మిదేళ్ళు. పాత బజారులో నల్లరాతి పూసలు సానబట్టి జపమాలలు గుచ్చే కొట్లో పని. నోరు కాస్త ఎక్కువ, నవ్వు అంతకంటే ఎక్కువ. పాసిన్లెర్ ఊరివాళ్ళ అబ్బాయితో మాట అయిపోయింది, మూడు వారాల్లో ఉంగరాలు మార్చుకోవాలి. తండ్రి యాకూప్ మినీ బస్సు నడుపుతాడు. తల్లి షాజియే, నలభై ఏడేళ్ళ మనిషి, పద్నాలుగేళ్ళుగా విశ్వవిద్యాలయంలో ప్రయోగాల కోసం జంతువులను పెంచే విభాగంలో పనిచేస్తోంది. ఎలుకలకు మేత వేయడం, నీళ్ళు పెట్టడం, బోనుల్లో రంపపు పొట్టు మార్చడం, ఇదీ ఆమె ఉద్యోగం.

ఆ చలికాలం అక్కడ జరుగుతున్న ప్రయోగం ఏమిటో ఇక్కడే చెప్పాలి. కెనాన్ అనే కుర్ర డాక్టరు పైచదువు కోసం చేస్తున్నాడు. కొందరు ఆడవాళ్ళకు అండాశయం ఉన్నట్టుండి మెలిక పడుతుంది. మెలిక పడితే దానికి వెళ్ళే రక్తం ఆగిపోతుంది. రక్తం అందక అది కొద్ది గంటల్లో చావడం మొదలెడుతుంది. తీరా మెలిక విప్పితే, ఒక్కసారిగా వచ్చిపడిన రక్తం మరో రకంగా దెబ్బ కొడుతుంది. రోజుల తరబడి పస్తున్నవాడికి ఒకేసారి విందు భోజనం పెడితే ఏమవుతుందో అదే. ఈ రెండు దెబ్బల నుంచీ అండాశయాన్ని కాపాడే మందు కోసం కెనాన్ వెతుకుతున్నాడు. ఎలుకకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, అండాశయానికి వెళ్ళే రక్తనాళానికి చిన్న క్లిప్పు పెట్టి, సరిగ్గా మూడు గంటలు ఆపి తీస్తాడు. కొన్నిటికి తీసేముందు మందిస్తాడు, కొన్నిటికి ఇవ్వడు. తరవాత తేడా చూస్తాడు.

ఇందులో టైము చూసే పని షాజియేది. స్టాప్‌వాచీ ఆమె చేతిలోనే ఉండేది. ఒకసారి టీకి వెళ్ళి, మాటల్లో పడి, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కెనాన్ అరవలేదు గానీ ఆ ఎలుకను లెక్కలోంచి తీసేశాడు.

"పది నిమిషాలకే ఇంత రాద్ధాంతమా బాబూ?" అంది షాజియే, మొహం చిన్నబుచ్చుకుని.

"పది నిమిషాలంటే తక్కువనుకోకక్కా. లోపల ప్రతి నిమిషం కొంత చస్తూనే ఉంటుంది. మందు గొప్పదా కాదా తరవాతి మాట, ముందు టైము" అన్నాడు కెనాన్. ఆ రోజునుంచీ ఆమె ఒక్క నిమిషం కూడా తప్పలేదు. టీ అక్కడే, నిలబడే తాగేది, దవడన చక్కెర బిళ్ళ పెట్టుకుని, కళ్ళు వాచీ మీద పెట్టుకుని.

అది ఫిబ్రవరి నెల, మంగళవారం. పొద్దున పది గంటల అయిదు నిమిషాలకు ఆ రోజు మొదటి ఎలుకకు క్లిప్పు పెట్టారు. పదీ పదికి షాజియే ఫోను మోగింది.

"అమ్మా..." నెఫీసే గొంతు. "పూసల పెట్టె ఎత్తబోయానమ్మా. కుడివైపు, కింద, లోపలేదో తెగినట్టయింది. నిలబడలేకపోతున్నా."

"పొద్దున టీ ఎక్కడ తాగావే?"

"కొట్లోనే."

"కొట్లో ఎక్కడ?"

"గడప మీద కూర్చుని."

"అదీ సంగతి! ఎన్నిసార్లు చెప్పాను? చెవికెక్కితేనా! కొట్టాయన్ని అడిగి ఇంటికెళ్ళిపో. అత్తతో చెప్పు, ఇటుక వేడిచేసి కాపడం పెడుతుంది. సాయంత్రానికి తగ్గిపోతుంది" అంది షాజియే. ఫోను పెట్టేసి మళ్ళీ వాచీ చూసుకుంది.

అత్త అంటే యాకూప్ అక్క, ముజెయ్యెన్. కింది వాటాలోనే ఉంటుంది. భర్త పోయిన మనిషి, మనసు మంచిది, మాట పెత్తనం. ఆ వీధిలో ఆడవాళ్ళ జబ్బు ఏదైనా ముందు ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే. ఆవిడ వైద్యం ఒక్కటే: పొయ్యి మీద ఇటుక కాల్చి, ఉన్ని గుడ్డలో చుట్టి, పొత్తికడుపు మీద పెట్టడం. పుదీనా, నిమ్మకాయ మరిగించి తాగించడం. నూటికి తొంభై మందికి ఎలాగూ తగ్గే నొప్పులే కాబట్టి ఆ ఇటుకకు మంచి పేరు ఉండేది.

మధ్యాహ్నం పన్నెండింటికి ముజెయ్యెన్ ఫోను చేసింది. "కంగారేం లేదు షాజియే. బాగా చలి పట్టింది దానికి. రెండుసార్లు కక్కింది. రెండో ఇటుక పెట్టాను."

కక్కిందన్న మాట పక్కనే చేతులు కడుక్కుంటున్న కెనాన్ చెవిన పడింది. విషయం అడిగాడు. ఉన్నట్టుండి మొదలైంది, ఒక్కవైపే, వాంతులు అని విన్నాక చేతులు తుడుచుకోవడం మరిచిపోయాడు.

"అక్కా, ఇప్పుడే స్త్రీల వార్డుకి తీసుకెళ్ళండి. మనం ఇక్కడ ఎలుకలకు చేస్తున్నదే అక్కడ దానంతటదే అయ్యుండొచ్చు."

"ఊరుకో బాబూ, ఏం మాటలవి! పెళ్ళికాని పిల్ల. ఆ వార్డు మెట్లెక్కితే రేపు దాన్ని ఎవరేమంటారో తెలుసా నీకు?"

"ఏమంటారు?"

"నీకెందుకులే. మగపిల్లాడివి" అంది షాజియే. నవ్వేసింది కూడా. "మనుషులూ ఎలుకలూ ఒకటేనా ఏం!"

కెనాన్ మరోసారి చెప్పబోయాడు. ఇంతలో రెండో ఎలుక మత్తులోంచి కదలడంతో అటు పరుగెత్తాడు. ఒంటిగంటా అయిదు నిమిషాలకు షాజియే, "టైమైంది బాబూ" అని పిలిచింది. క్లిప్పు తీశారు. ఊదారంగుకు తిరిగిపోయిన ఆ కందిగింజంత ముద్ద మెల్లగా ఎర్రబడుతుంటే ఇద్దరూ వంగి చూశారు. షాజియే "హమ్మయ్య" అని పైకే అంది. ఎలుక కోసం, చూశారూ! ఆ మాట తలుచుకుని తరవాత ఆమె ఎన్నిసార్లు తల బాదుకుందో నాకు తెలుసు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నెఫీసే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఇటుక వేడికి పొట్ట మీద చర్మం కమిలింది.

"అమ్మా, ఆస్పత్రికి పోదాం."

అంత నోరున్న పిల్ల, ఆ ఒక్క మాటే అంది. షాజియే కోటు కూడా విప్పకుండా నిలబడిపోయింది. ముజెయ్యెన్ ఆమె మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నీకు మతి ఉందా? స్త్రీల వార్డులో చీట్లు రాసేది ఎవరనుకున్నావ్? హాజెర్ ఆడబిడ్డ! మనం ఇలా లోపలికి వెళ్ళగానే అలా పాసిన్లెర్‌కి ఫోను పోతుంది. నిశ్చితార్థం మూడు వారాలుందనగా పిల్లని అక్కడికెందుకు తీసుకెళ్ళారంటే ఏం చెబుతావ్?"

"కడుపునొప్పి అని చెబుతా."

"కడుపునొప్పే కొంప ముంచుతుంది! కడుపంటే లోకం ఏమనుకుంటుందో నేను నీకు చెప్పాలా? అసలు వాళ్ళు ఎలా పరీక్ష చేస్తారో ఏమో... కన్నెపిల్ల. రేపు ఏదైనా తేడా అయితే ఎవరు జవాబు చెప్పాలి?"

హాజెర్ అంటే కాబోయే వియ్యపురాలు. ఆ పేరు వినగానే షాజియే భుజాలు జారిపోయాయి. పొద్దున ఆరింటినుంచీ నిలబడ్డ కాళ్ళు. "ఏమంటావ్?" అన్నట్టు భర్తవైపు చూసింది. యాకూప్ టీ గ్లాసు తీసుకుని లేచాడు. "ఆడవాళ్ళ నొప్పుల సంగతి నాకేం తెలుసు? అక్క చెబుతోందిగా" అని పక్కగదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. ఆయన కసాయివాడేం కాదు. కూతురంటే ప్రాణం. ఆ నొప్పి మాట వినడం కూడా తప్పేమో అనుకునేలా ఆయన్ని పెంచారు, అంతే.

పద్నాలుగేళ్ళు ప్రయోగశాలలో పనిచేసిన షాజియేకి లోపల ఏదో గుచ్చుతూనే ఉంది. కానీ తెలిసిన విషయం వేరు, దాన్ని ఇంట్లో గట్టిగా అనడం వేరు. అనలేకపోయింది. మూడో ఇటుక పొయ్యి ఎక్కింది.

తెల్లవారుజామున నొప్పి కొంచెం తగ్గింది. "చూశావా? చలి దిగిపోయింది" అని ముజెయ్యెన్ మురిసిపోయింది. అయ్యా, అమ్మా, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి: ఇలాంటి నొప్పి తగ్గడం ఎప్పుడూ మంచి కబురు కాదు. లోపలున్నది బతికి ఉన్నంతసేపే అరుస్తుంది.

ఏడున్నరకు ఒళ్ళు కాలిపోయింది. మళ్ళీ వాంతులు. ఈసారి షాజియే ఎవరినీ అడగలేదు. దుప్పటి కప్పి పిల్లను లేవదీసింది. యాకూప్ మినీ బస్సు ముందరి ఊరి పేరు బోర్డు పీకి పారేసి, దారిలో చెయ్యెత్తిన వాళ్ళనెవరినీ ఎక్కించుకోకుండా ఆస్పత్రికి తోలాడు. ఆ దారంతా ఆయన ఒక్క మాటే, "ఏం కాదు తల్లీ, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

ఇంత జరిగినా బుద్ధి వచ్చిందా? లేదు. అత్యవసర విభాగం కిటికీ దగ్గర, షాజియే నోరు తెరవకముందే ముజెయ్యెన్ అందుకుంది. "అపెండిక్స్ అండీ. మా వంశంలోనే ఉంది. మామూలు ఆపరేషన్ల వైపు పంపండి." అపెండిక్స్ మర్యాదైన జబ్బు. మగాళ్ళకూ వస్తుంది. దానివల్ల ఎవరి పరువూ పోదు. షాజియే విని కూడా ఊరుకుంది. మరో రెండు గంటలు ఆ వరసలో గడిచిపోయాయి. రక్తపరీక్షలు చేసి, పొట్ట నొక్కి చూసిన సర్జను, "అపెండిక్స్ అని మీకెవరు చెప్పారు?" అని విసుక్కుని, చక్రాల కుర్చీలో స్త్రీల వార్డుకే పంపించాడు. దారిలో ముజెయ్యెన్ తన తలగుడ్డ తీసి పిల్ల మొహాన కప్పింది. నెఫీసే దాన్ని లాగి కింద పడేసింది. ఊపిరాడక లాగిందో, రోషానికి లాగిందో, ఎవరూ అడగలేదు.

డాక్టర్ ఐసున్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళకింద నల్లటి చారలు, రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి. నెఫీసేని పడుకోబెట్టి, పొట్ట మీద జిగురులాంటిది రాసి, చేతిలోని చిన్న పరికరం దాని మీద జరుపుతూ తెరవైపు చూసింది. రెండే నిమిషాలు.

"అంతేనా?" అంది ముజెయ్యెన్. ఆవిడ గొంతు విచిత్రంగా పలికింది.

"అంతే. ఏమనుకున్నారు?"

"పైనుంచేనా? బట్టలు... అక్కడ... ఇంకేమీ చెయ్యరా?"

"పెళ్ళికాని పిల్లలకు ఇలా పైనుంచే చూస్తామమ్మా. ఎప్పుడూ ఇంతే." డాక్టరు తెరమీంచి చూపు తిప్పలేదు. ముజెయ్యెన్ గోడకు ఆనుకుంది. నిన్నటినుంచీ ఏ పరీక్షకు భయపడి మూడు ఇటుకలు కాల్చిందో ఆ పరీక్ష అసలు లేనే లేదు.

"కుడి అండాశయం మీద నిమ్మకాయంత నీటితిత్తి ఉంది. ఆ బరువుకు మెలిక పడింది. రక్తం ఆడటం లేదు" అంది డాక్టరు. షాజియేవైపు తిరిగింది. "నొప్పి ఎప్పుడు మొదలైంది? సరిగ్గా చెప్పండి, గంటలతో సహా."

అలవాటైన నోరు. పద్నాలుగేళ్ళుగా డాక్టర్లు టైము అడిగితే టక్కున చెప్పే నోరు. షాజియే గోడ గడియారం చూసింది. పదకొండూ పది.

"నిన్న పొద్దున పదీ పది. ఇప్పటికి ఇరవై అయిదు గంటలు" అంది.

చెప్పాక ఆ మాట తనకే వినబడింది. డాక్టరు వెంటనే ఆపరేషన్ గదికి ఫోను చేసింది. షాజియే అక్కడే నేల మీద చతికిలబడింది. "మూడు గంటలు దాటనిచ్చేదాన్ని కాదు తల్లీ... ఎలుకలకు మూడు గంటలు దాటనిచ్చేదాన్ని కాదు..." అంటూ మోకాళ్ళు కొట్టుకుంది. ఆ మాటలు డాక్టరుకు అర్థం కాలేదు. నెఫీసేకి అర్థమయ్యాయి.

సంతకం తీసుకుంటూ డాక్టర్ ఐసున్ నెమ్మదిగా చెప్పింది. "నల్లబడింది కదా అని వెంటనే కోసేయం. పూర్వం కోసేసేవాళ్ళు. ఇప్పుడు మెలిక విప్పి చూస్తాం. చూడ్డానికి చచ్చినట్టున్నవి కూడా చాలాసార్లు తేరుకుంటాయి. నా చేతనైనంత చూస్తాను."

ఆమె మాట నిలబెట్టుకుంది. మెలిక విప్పింది, వెచ్చటి తడిగుడ్డ చుట్టింది, గడియారం పెట్టుకుని ఆగింది, మళ్ళీ చూసింది, మళ్ళీ ఆగింది. రంగు మారలేదు. ముట్టుకుంటే విడిపోయింది. తీసేయక తప్పలేదు. బయటికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆమె ఎవరినీ నిందించలేదు. "రెండోది బాగుంది. పిల్లలు పుట్టడానికి అదొక్కటి చాలు. కానీ దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. ఈసారి నొప్పి అంటే నిమిషం ఆగొద్దు" అంది. యాకూప్ తలూపాడు. ఎందుకు తలూపుతున్నాడో తెలియకుండా చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళకు వార్డు నిండిపోయింది. ఆరు మంచాలు, ఆరింటి చుట్టూ ఆడవాళ్ళు. షాజియే కూతురి తల దువ్వుతోంది.

"అమ్మా."

"ఊఁ."

"నీ ఎలుకలకు మందు కూడా ఇస్తారు కదూ?"

"కొన్నిటికి ఇస్తారమ్మా."

"నాకు ఇటుక ఇచ్చారు." నెఫీసే నవ్వబోయింది. కుట్లు లాగాయి, ఆపేసింది. "ఎలుకగా పుట్టినా బాగుండేది. కనీసం టైమన్నా చూసేదానివి."

షాజియే చేతిలో దువ్వెన ఆగిపోయింది. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అంతలో గుమ్మంలో హాజెర్ కనబడింది, చేతిలో మిఠాయి పెట్టె, పక్కన ఆడబిడ్డ. ముజెయ్యెన్ గబగబా లేచి ఎదురెళ్ళింది.

"రండి రండి! ఏం లేదండీ, అపెండిక్స్. చిన్న ఆపరేషన్. ఈ రోజుల్లో అందరికీ వస్తోంది. నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారు."

హాజెర్ ఆడబిడ్డ నేల చూపులు చూసింది. చీట్లు ఆమే రాసింది కదా, ఆమెకు అంతా తెలుసు. అయినా ఆమె ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదని మొహమే చెబుతోంది. ఎవరికి భయపడి ఒక రాత్రంతా పోగొట్టుకున్నారో, ఆ మనిషి నోరే విప్పలేదు. నెఫీసే గోడవైపు తిరిగిపోయింది.

"కాదు" అంది షాజియే.

"షాజియే!" అంది ముజెయ్యెన్, పళ్ళ మధ్యనుంచి.

"ఆగు వదినా. నిన్నటిదాకా నువ్వు చెప్పావు, నేను విన్నాను. నిన్ను అనను, వినడం నా తప్పు." షాజియే లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక ఆమెకు లేదు. "హాజెర్ గారూ, నా కూతురికి కుడి అండాశయం తీసేశారు. మెలిక పడింది. నిన్నగాక మొన్న పొద్దుటే తీసుకొస్తే నిలిచేది. మీరేమనుకుంటారో అని తీసుకురాలేదు. అదీ జరిగింది."

పక్క మంచాల దగ్గర మాటలు ఆగిపోయాయి. హాజెర్ మిఠాయి పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మరి... పిల్లలు పుడతారటా?"

"పుడతారట. డాక్టరు చెప్పింది. కానీ చూడండి, అది అక్కడే పడుకుని ఉంది. మీరు మొదట అడగాల్సింది నొప్పి తగ్గిందా అని. మిమ్మల్నంటే ఏం లాభం? మొన్న నేనూ అడగలేదు. గడప మీద కూర్చున్నావా అని అడిగాను."

హాజెర్ పెట్టె మంచం పక్కన పెట్టింది. వంగి నెఫీసే తల ఒకసారి నిమిరింది. ఇంట్లో మగవాళ్ళతో మాట్లాడి కబురు చేస్తామని చెప్పి వెళ్ళిపోయింది. ఎదురు మంచం దగ్గరున్న ఒక ముసలావిడ, తన పద్నాలుగేళ్ళ మనవరాలి దుప్పటి సర్దుతూ, "ఎన్ని గంటల్లో తీసుకురావాలన్నారమ్మా?" అని షాజియేని అడిగింది. "నొప్పి అన్న గంటలోనే పెద్దమ్మా" అంది షాజియే. ముసలావిడ ఆ మాట రెండుసార్లు పైకి అనుకుంది.

సంబంధం ఏమైందని అడుగుతున్నారు కదూ? నాకు తెలుసు, అదే అడుగుతారు. నేను ఈ కథ ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న అదే. పిల్ల ఎలా ఉందని అడిగేవాళ్ళు తరవాత వస్తారు. ఆ ఇంటి ఆడవాళ్ళ జబ్బు అదే, మన జబ్బూ అదే. సరే, చెబుతాను. నిశ్చితార్థం వేసవికి వాయిదా పడింది. అబ్బాయి రెండుసార్లు కొట్టుకు వచ్చి పలకరించి వెళ్ళాడు. పెద్దలు ఇంకా ఆలోచిస్తున్నారు. నెఫీసే మాత్రం, "ఆలోచించుకోనీ, నేనూ ఆలోచిస్తున్నా" అంటోంది. కడుపులో చిన్న నొప్పి వచ్చినా ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా తనే బస్సెక్కి డాక్టర్ ఐసున్ దగ్గరికి వెళ్ళిపోతోంది. ముజెయ్యెన్ ఇంట్లో ఇటుక ఉంది, కానీ ఆవిడ ఎవరికీ కాల్చి ఇవ్వడం లేదు. అడిగితే, "నాకు తెలీదమ్మా, నాకేం తెలీదు" అంటుంది. అంత పెత్తనం చేసిన మనిషి అలా అంటుంటే చూడలేం.

నెల తరవాత ప్రయోగం ముగిసింది. కెనాన్ కాగితాలు పట్టుకుని పరుగులాంటి నడకతో బోనుల గదికి వచ్చాడు. షాజియే రంపపు పొట్టు ఎత్తుతోంది.

"అక్కా! మందు పనిచేసింది. ఇచ్చిన ఎలుకల్లో కణాలు చాలావరకు నిలబడ్డాయి. ఇవ్వనివాటితో పోలిస్తే ఎంత తేడానో!" అని, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఆ రోజు నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది. చెప్పి, నా పనిలో పడిపోయాను."

"నువ్వు చెప్పావు. నేనే నవ్వాను." షాజియే చేతులు దులుపుకుంది. "ఈ మందు మనుషులకు ఎప్పుడొస్తుంది?"

"ఏళ్ళు పడుతుందక్కా. ఇంకా చాలా చూడాలి. అసలు రాకపోవచ్చు కూడా."

"వచ్చిందే అనుకో. ఇరవై అయిదు గంటల తరవాత వచ్చిన పిల్లకు పనిచేస్తుందా?"

కెనాన్ కాగితాలవైపు చూశాడు. అబద్ధం చెప్పలేదు. "చెయ్యదక్కా. లోపల ఏమైనా మిగిలుంటేనే మందు దాన్ని కాపాడుతుంది."

షాజియే బోను తలుపు వేసింది, గొళ్ళెం పెట్టింది. తరవాత అలసిపోయిన గొంతుతో, ఎవరి మీదా కోపం లేకుండా అంది.

"మందు కనిపెట్టడం మీ పని బాబూ. నొప్పి అన్న ఆడపిల్ల మాట నమ్మి, నలుగురూ ఏమనుకుంటారో అని చూడకుండా, ఆ గంటలోనే మీ దగ్గరికి తీసుకురావడం మా పని. మీ పని మీరు చేస్తున్నారు. మేమే చెయ్యడం లేదు."